నలభై రెండు మొహాల బీరువా

తాళాలాయన తెరవలేని తాళం ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఈ మాటన్నది వేరెవరో కాదు, తాళాలాయనే. ఒకసారి బ్యాంకు ఇనప్పెట్టె ముందు నిలబడి తుమ్మితే దాని తలుపు దానంతటదే తెరుచుకుందట. ఇంకోసారి ఆయన వీధి మలుపు తిరగ్గానే మూడిళ్ళ తాళాలు భయంతో ఊడి కిందపడ్డాయట. "మరి మొన్న స్నానాలగది గడియ బిగుసుకుపోతే గంటన్నర లోపలే ఎందుకున్నారో?" అని భార్య అడిగితే, "అది తాళం కాదే, గడియ. నా స్థాయికి తగదు" అన్నాడు.

కోతల సంగతి ఎలా ఉన్నా, పనిలో ఆయనకొక నియమం ఉంది. తెరిచేముందు లోపల ఏముందో అడుగుతాడు. తెరిచాక ఆ వస్తువు ఎవరిదో వాళ్ళ చేతికే ఇస్తాడు. కబురు పెట్టింది ఎంతటివాడైనా సరే! నలభై ఏళ్ళుగా ఆయన మీద ఒక్క మాట పడలేదంటే ఆ నియమం చలవే.

ఆ రోజు పొద్దున చొక్కాలు కుట్టే కార్ఖానా మేనేజరు ఫోన్ చేశాడు. బీరువా తాళంచెవి పోయింది, ఉన్నపళంగా రమ్మన్నాడు. ఆఫీసు పై అంతస్తులో. పనిముట్ల పెట్టె మోసుకొచ్చిన తాళాలాయన మెట్ల మొదట్లో ఆయాసం తీర్చుకుంటుంటే, పక్కనే కాలర్లు ఇస్త్రీ చేస్తున్న అమ్మాయి తలెత్తింది.

"బీరువా తెరవడానికొచ్చావా బాబాయ్?"

"నేను తెరవడమేంటమ్మా, నన్ను చూస్తే అదే తెరుచుకుంటుంది."

"అయితే తొందరగా వెళ్ళు. నా గుర్తింపు కార్డు అందులోనే ఉంది. చేరిన రోజు జాగ్రత్త చేస్తామని అందరివీ తీసుకున్నారు. మేమంతా ఉండేదీ ఈ ఆవరణలోనే, అది చూపిస్తేగానీ గేటు దాటనివ్వరు. మా చెల్లికి నెలలు నిండాయి. పది రోజులుగా అడుగుతున్నా, ఆర్డరు అయ్యాక చూద్దామంటారు. పురిటికి నేను పక్కన లేకపోతే అది నన్ను బతకనివ్వదు."

నవ్వుతూనే అంది కానీ, ఇస్త్రీపెట్టె కాలరు మీదే ఆగిపోయింది. మాడు వాసన వచ్చాక గబుక్కున తీసింది.

పైన మేనేజరు చెమటలు తుడుచుకుంటున్నాడు.

"లోపల ఏమున్నాయి సార్?"

"కాగితాలు."

"ఎవరివి?"

"నావేనయ్యా! పదకొండింటికి చొక్కాలు కొనే పెద్ద కంపెనీ నుంచి తనిఖీ మేడమ్ వస్తుంది. త్వరగా కానీ!"

ఏడు నిమిషాల్లో తాళం లొంగింది. తాళాలాయన లెక్కలో అవి ఏడు సెకన్లు. లోపల బిస్కెట్ల డబ్బా, దాన్నిండా కార్డులు. మేనేజరు చెయ్యి చాచేలోపే డబ్బా తాళాలాయన చంకలోకి వెళ్ళింది.

"సార్, ఇవి మీవన్నారు. ఇందులో మీ మొహమేది?"

"వేళాకోళమా? ఇటివ్వు."

"ఇదిగో, ఈవిడకి రెండు జడలున్నాయి. ఈయనకేమో తలనిండా జుట్టుంది. మీది కాదని ఒట్టేసి చెప్పగలను."

మేనేజరు బట్టతల నిమురుకున్నాడు. "సరేనయ్యా, ఎలాగూ వాళ్ళకే పంచుతాం. మేడమ్ వెళ్ళాక మళ్ళీ తీసుకుంటాం."

"మళ్ళీ ఎందుకు?"

"కార్డు చేతిలో ఉంటే రేపటికి సగంమంది వెళ్ళిపోతారు. చొక్కాలు నువ్వు కుడతావా?"

తాళాలాయన డబ్బాని చంకలో ఇంకాస్త బిగించాడు. డబ్బాతో సహా కిందికి దిగి, బట్ట కత్తిరించే బల్లెక్కి కూర్చున్నాడు.

"దెయ్యాన్ని చూసినట్టు గుడ్లు తేలేసిన ఈ ఫోటో ఎవరిది?"

"నాదే!" అంది కాజాలు కుట్టే ఆవిడ. హాలంతా ఘొల్లుమంది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మేనేజరు వెనకనించి, "కాస్త మెల్లిగా, బాబూ!" అని బతిమాలుతూనే ఉన్నాడు. నలభై రెండు మొహాల్లో ముప్ఫై తొమ్మిది పంచేసరికి గుమ్మంలో తనిఖీ మేడమ్ నిలబడి ఉంది. అరగంట ముందే వచ్చేసింది.

"ఏంటిది?"

"పంపకం మేడమ్," అన్నాడు మేనేజరు. "ఏడాదికోసారి చేస్తుంటాం."

"ఇన్నాళ్ళూ ఇవెక్కడున్నాయి?"

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. అందరూ కుట్టుపని వంకే చూస్తున్నారు. ఇస్త్రీ అమ్మాయి మాత్రం పెట్టె పక్కన పెట్టి, చేతిలో కార్డు గట్టిగా పట్టుకుంది.

"బీరువాలో మేడమ్. మీరొచ్చినప్పుడల్లా బయటికి తీసి మా చేతికిస్తారు. మీరెళ్ళగానే మళ్ళీ బీరువాలోకే."

నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లూ అంతా బాగుందని రాసుకెళ్ళిన మేడమ్ మొహం ఎర్రబడింది. మేనేజర్ని బయటికి పంపి, ముక్కాలిపీట లాక్కుని ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడింది. మధ్యాహ్నం దాటాక ఆయన్ని పిలిచింది.

"ఆర్డరు ఆపను. ఆపితే నష్టపోయేది వీళ్ళు. అయినా నెల పని పద్దెనిమిది రోజుల్లో కావాలన్న తప్పు మాది. గడువు పెంచుతాం. కార్డులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఎవరు బయటికెళ్తానన్నా గేటు తీయాలి. ఇకమీదట చెప్పకుండా వస్తాను."

ఇస్త్రీ అమ్మాయి అయిదు నిమిషాల్లో సంచీ సర్దుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటుగా చెయ్యి చాచాడు.

"చూడన్నా, ముట్టుకోకు," అని దూరం నుంచే కార్డు ఆడించి, బస్సు కోసం పరుగు తీసింది.

బీరువా తలుపు కిర్రుమన్న క్షణంలోనే అక్కడ ఆ చెల్లికి పాప పుట్టి కెవ్వుమందని తాళాలాయన ఇప్పటికీ చెబుతుంటాడు. నమ్మకండి. ఆ పాప మరో రెండు రోజులు ఆగింది. పెద్దమ్మ వచ్చి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాకే పుట్టింది.