నా చేత్తో నింపిన పదమూడు ఫారాలు

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని బెటాలియన్‌లో అందరూ మెచ్చుకునేవారు. పదిహేనేళ్లకు పైగా ఫౌజులో గుమాస్తా పని చేశాను, ఆ రాతే నాకు అన్నం పెట్టింది. చివరికి నా కొంప ముంచింది కూడా అదే.

మా ఊళ్లకు సెల్‌ఫోన్లు ఇంకా సరిగ్గా రాని రోజులు. నా సర్వీసు ముగింపుకొచ్చింది. ఇంకో రెండేళ్లు ఉంటావా, పోతావా, రాసిమ్మన్నారు. పోతానని రాసిచ్చాను. ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. అలా బయటికి పోయేవాళ్లకు ఆఖరి నెలల్లో సర్కారే ఒక కోర్సు చేయించేది. ఫారంలో మూడు కోర్సులు వరుసగా రాయాలి. మొదటి గడిలో రాసిందే దాదాపు ఖాయం.

నేను హెచ్.ఆర్. డిప్లొమా అనుకున్నాను. మా వైపు ఫౌజు నుంచి వచ్చినవాడికి గేటు దగ్గర కుర్చీ తప్ప ఇంకొకటి ఊహించరు. నాకంటే ముందు రిటైరైన హవల్దారు ఒకాయన, హైదరాబాదులో అపార్ట్‌మెంటు గేటు దగ్గర, కారులో బడికి పోయే పిల్లలకు సెల్యూట్ కొడుతుంటే చూశాను. ఆయన నన్ను గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నేను చేసేది సెలవులు, బదిలీలు, ప్రమోషన్లు రాయడం. బయటి కంపెనీల్లో ఆ పనినే హెచ్.ఆర్. అంటారని తెలిసింది. ఆ పట్టా ఒక్కటి చేతిలో పడితే గేటు తప్పుతుందని నా ఆశ.

సెలవు మీద వచ్చేముందు మా బ్యాచ్ పదమూడు మంది ఫారాలూ నేనే నింపాను. అడిగి నింపడం కాదు. జవాన్లు వచ్చి ఖాళీ ఫారం కింద సంతకం పెట్టి పోతారు, మిగతాది గుమాస్తా చూసుకుంటాడు. మా దగ్గర అదే రివాజు. మొదటి గడిలో సెక్యూరిటీ, రెండో గడిలో డ్రైవింగు, మూడో గడిలో కంప్యూటర్. పన్నెండు ఫారాలు అలాగే గీకి పారేశాను. పదమూడోది నాది.

ఇంటికొచ్చిన మూడో రోజు, నా ఫారం కార్బన్ కాపీ తీసి మా ఆవిడ ముందు గొప్పగా పెట్టాను. ఆమె వనపర్తిలో పదో తరగతి దాకా చదువుకుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి, నా వైపు చూసింది.

"నువ్వు జెప్పిన చదువు దీంట్ల యాడ లేదు. సెక్యూరిటీ అని రాసుంది."

లాక్కుని చూశాను. చెయ్యి అలవాటు కొద్దీ పోయింది. మూడు గడుల్లోనూ అవే మూడు మాటలు. ఎవరిని తిట్టాలి?

మర్నాడు శనివారం. ఫోను చేద్దామని పెబ్బేరు పోయాను. సంత రోజు కావడంతో ఎస్టీడీ బూత్ చుట్టూ ఎడ్లూ బేరగాళ్లూ. ఒక చెవి మూసుకుని అరిస్తే, అవతల మా హెడ్ క్లర్క్ తాపీగా, లిస్టు పైకి పోయింది, నువ్వు వచ్చాక చూద్దాం అన్నాడు. ఇంకా నలభై రోజుల సెలవు ఉంది. జీవితంలో మొదటిసారి సెలవు జైలులా అనిపించింది. ముందుకు పోతే గేటు, వెనక్కి తిరిగితే నేను రాసిచ్చిన కాగితం. గద్వాలలో పెళ్లికి పోతే ఒక పెద్దమనిషి, "రిటైరైనంక యాడ కాపలా ఉంటవ్ బిడ్డా?" అని ప్రేమగా అడిగాడు. కొట్టినంత పని చేశాను.

ఒకరోజు అన్నం పెడుతూ మా ఆవిడ అడిగింది. "మరి కడమ పన్నెండు మంది? ఆళ్లు గూడ కాపలా పనే గావాల్నన్నరా?"

"నీకు తెల్వదు, ఊకో" అని కసిరాను. ఆమె అడిగిన మాటే లోపల ముల్లులా గుచ్చుకుంటూ ఉండింది.

సెలవు ముగించుకుని పోగానే హెడ్ క్లర్క్ దారి చెప్పాడు. ఒక్క పేరైతే రాతలో పొరపాటని దిద్దించవచ్చు. నాలుగైదు పేర్లయితే గుమాస్తా నిర్లక్ష్యం కిందికి వస్తుంది, విచారణ జరుగుతుంది, పోయేముందు రికార్డు పాడవుతుంది. ఆలోచించుకోమన్నాడు. నేను ఆలోచించలేదు. నా ఒక్కడి పేరే రాసిచ్చాను. వారం తిరగకుండా నాకు హెచ్.ఆర్. కోర్సు ఖాయమైంది.

ఆ సాయంత్రం అమరచింత జవాను ఒకడు వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు. ఆ పన్నెండు మందిలో అతనొకడు.

"అన్నా, నీది మారిందంట గద. నాది గూడ జర మార్పియ్యరాదె. మెకానిక్ పని నేర్చుకుంట. మా ఊర్ల షెడ్డు ఏస్కోవాల్నని ఉంది."

"ముందుగాల్నే చెప్పాల్నా వద్దా?" అన్నాను. ఎంత సిగ్గు లేకుండా అన్నానో!

"నువ్వు అడగకపోతివి గదన్నా."

"లిస్టు పోయింది తమ్మీ. ఇగ మారదు."

అతను నా భుజం మీద చెయ్యి వేసి, "పోనియ్ అన్నా, నువ్వు పరేషాన్ గాకు. నువ్వు మనోనివి, అయ్యేది ఉంటె చెయ్యకపోదువా?" అని పోయాడు. నా అబద్ధానికి నన్నే ఓదార్చి పోయాడు. వెనక్కి పిలవడానికి బోలెడంత సమయం ఉంది, బ్యారక్ గుమ్మం దాకా అతను మెల్లగానే నడిచాడు. నేను పిలవలేదు.