మూడుసార్లు తొక్కిన బ్రేకు

మిర్యాలగూడలో మా అత్తగారింటికి కారు వచ్చిన రోజున అత్తమ్మ దానికి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. అంతా అయ్యాక వెనక సీట్లో కూర్చుని, డ్రైవరు తలకు కొంచెం పైన వేలాడుతున్న చిన్న అద్దం వైపు చాలాసేపు చూసింది.

"గీ అద్దం దేనికి?" అని అడిగింది.

"ఎనకొచ్చే బండ్లు కనపడనీకి అమ్మా" అన్నాడు డ్రైవరు.

"ఎనకొచ్చే బండ్లా, ఎనక కూసున్న ఆడోళ్లా?"

తెల్లారేసరికి ఆ అద్దానికి ఆకుపచ్చ జాకెట్ గుడ్డ కట్టి ఉంది. వెనక కిటికీలకు తెరలు అంతకుముందే కుట్టించారు. ఇక డ్రైవరుకు తన ముందున్న రోడ్డు తప్ప వేరే ఏదీ కనబడే వీలు లేదు. అత్తమ్మకు కావలసింది అదే.

సాగర్ కాలువ నీళ్లు మా వైపు పారడం మొదలైన కొత్తలు అవి. వడ్లు ఎక్కువయ్యాయి, మా మామగారు నడిపే బియ్యం మిల్లుకు పని పెరిగింది, తిరుగుళ్లు పెరిగాయి. అందుకే ఎవరో వాడి అమ్మిన కారు కొన్నారు. డ్రైవరు సూర్యాపేట మనిషి. నలభై దగ్గర వయసు. పదేళ్లు లారీ నడిపి, నడుము నొప్పి పట్టుకుని, చిన్న బండి చాలనుకుని మా దగ్గర చేరాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు. పుట్టిల్లు కోదాడ. నేను 'ఉంటుంది' అంటే అత్తమ్మ 'ఉంటది' అని సరిచేసేది. నా మాటను కూడా ఆమె పూర్తిగా నమ్మేది కాదు.

ఆ ఇంట్లో నమ్మకం అనేది చాలా పొదుపుగా వాడే వస్తువు. మామగారు హమాలీలను నమ్మరు, కాటా పట్టేవాణ్ణి నమ్మరు. అత్తమ్మ పాలవాణ్ణి నమ్మదు. కారు వచ్చాక ఇద్దరికీ నమ్మకూడనివి ఒక్కసారిగా బోలెడు దొరికాయి. బండిలో మీటలు, బొత్తాలు, పెడల్లు ఎన్ని ఉన్నాయో అన్నీ వాళ్లకు అనుమానమే. డ్రైవరు ఎడమకాలితో నేల మీద ఏదో తడితే లైట్ల వెలుగు కిందికి దిగుతుంది, అది చూసి అత్తమ్మ "కాలుతోని గిదేం సైగ?" అంది. చలికాలం పొద్దున చల్లబడ్డ ఇంజను అందుకోవడానికి ఒక పిడి బయటికి లాగితే, "మొన్న లాగలే, ఇయ్యాల ఎందుకు లాగినవ్?" అని నిలదీసింది. ఆయన ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. కొన్నాళ్లకు చెప్పడం మానేశాడు.

ముందర రెండు విడి సీట్లు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో గేరు కడ్డీ, దాని వెనక హ్యాండ్ బ్రేకు పిడి. అత్తమ్మ డ్రైవరు వెనక కూర్చునేది, నేను ఎడమ పక్కన. నా చోటు నుంచి ఆయన కాళ్లు కనిపించేవి. తెరలు వేసిన కారులో చూడడానికి ఇంకేముంది? చూస్తూ చూస్తూ నాకు అర్థమైంది: ఎడమకాలి కింది పెడల్ తొక్కితే గేరు మారుతుంది, కుడి చివరది తొక్కితే వేగం పెరుగుతుంది, మధ్యది తొక్కితే ఆగుతుంది. మొదట్లో ఆ మధ్యదాన్ని ఆయన ఒక్కసారే తొక్కేవాడు. ఎండాకాలం వచ్చేసరికి రెండుసార్లు. తర్వాత టపటపా మూడుసార్లు.

ఈయన ఏదో దాస్తున్నాడు అనుకున్నాను. బండిని పాడుచేశాడు, ఆ సంగతి బయటపడకుండా నెట్టుకొస్తున్నాడు అని నా అనుమానం. కానీ ఎవరికి చెప్పను? చెబితే మొదట వచ్చే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఆయన కాళ్ల వైపు నువ్వెందుకు చూస్తున్నావు?

ఒకరోజు అత్తమ్మ నన్ను చూడనే చూసింది. ఇంటికి వచ్చాక, వంటింట్లో, గొంతు తగ్గించి, "బండ్ల నీ సూపు ఏడుంటది?" అంది.

"ఎక్కడా లేదు అత్తమ్మా."

"నేను గుడ్డిదాన్ని కాదు."

ఆ తర్వాత నేను కారెక్కితే నా ఒళ్లో చేతుల వైపు చూస్తూ కూర్చునేదాన్ని. అయినా చెవులు వింటాయి కదా. టప్, టప్, టప్.

ఆ వేసవిలోనే మా అమ్మను చూడడానికి కోదాడ వెళ్లాం. అక్కణ్ణుంచి సూర్యాపేటలో ఉన్న అత్తమ్మ అక్కగారింటికి వెళ్లాలి. మా మేనమామకు కోదాడలో లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. భోజనాల దగ్గర ఆయన ఒంటరిగా దొరికితే, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను.

"మామయ్యా, బ్రేకు మూడుసార్లు తొక్కుతారెందుకు?"

ఆయన ముద్ద ఆపాడు. "ఎవరు తొక్కుతున్నారు?"

"ఊరికే అడుగుతున్నా."

"ఒకసారి తొక్కితే ఆగాలమ్మా. మూడుసార్లు తొక్కాల్సి వస్తోందంటే ఆయిల్ ఎక్కడో కారిపోతోంది. పూర్తిగా కారిపోయిందనుకో, ఎన్నిసార్లు తొక్కినా కాలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. అప్పుడు గేరు తగ్గించుకుంటూ రావాలి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగాలి. దానికి ఆయిల్‌తో పనిలేదు, తీగతో లాగేది. ఒక్కసారే గట్టిగా లాగితే బండి తిరగబడుద్ది." ఆయన నా మొహంలోకి చూశాడు. "మీ బండేనా? చూడమంటావా?"

అవునని చెప్పి ఉండాల్సింది. అత్తమ్మ వాకిట్లో నుంచి పొద్దుపోతోందని పిలుస్తోంది. మేనమామ వచ్చి బానెట్ ఎత్తితే, నీకెవరు చెప్పారంటే, నా మేనకోడలు చెప్పిందంటాడు. ఆ తర్వాత అత్తమ్మ చూపు నేను భరించాలి. "కాదు మామయ్యా" అని చెప్పి వెళ్లి కారులో కూర్చున్నాను. తెలిసి తెలిసి కూర్చున్నాను. ఇప్పటికీ ఆ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

కోదాడ దాటి హైదరాబాద్ రోడ్డు ఎక్కాం. మోతె వైపు దారి చీలే చోటు ఇంకా దూరం ఉందనగా రోడ్డు కొంచెం దిగుడుగా ఉంది. వెనకనుంచి లారీ హారన్ వినిపిస్తూనే ఉంది. ఎంత దగ్గరగా ఉందో డ్రైవరుకు తెలియదు. అద్దానికి గుడ్డ ఉంది. అంతలో ఎడంపక్క తుమ్మచెట్ల చాటు నుంచి మేకల మంద రోడ్డు మీదికి వచ్చింది.

టప్. టప్. టప్. ఆ తర్వాత కాలు నేలకు తగిలిన చప్పుడు.

ఆ చప్పుడు కారులో నాకూ ఆయనకూ మాత్రమే అర్థమైంది. "హ్యాండ్ బ్రేకు!" అని అరిచి ముందుకు వంగాను. అప్పటికే ఆయన చెయ్యి గేరు మీంచి ఆ పిడి మీదికి వచ్చేసింది. నేను అరవకపోయినా ఆయన లాగేవాడే. గేరు మార్చినప్పుడు ఇంజను పెద్దగా మూలిగింది, బండి ఊగింది. హారన్‌కు మేకలు అవతలి పక్కకు చెదిరిపోయాయి, ఆయన స్టీరింగు ఎడమకు తిప్పాడు. రోడ్డు దిగి, ముళ్లకంపను తొక్కుకుంటూ దున్నిన చేలోకి వెళ్లి, మట్టిలో చక్రాలు కూరుకుపోయి ఆగాం. అదే క్షణంలో లారీ మా కుడిపక్కనుంచి హారన్ మోగిస్తూ దూసుకుపోయింది. కుడికి తిప్పి ఉంటే దాని కిందికే వెళ్లేవాళ్లం.

అత్తమ్మ మోకాళ్లు ముందు సీటుకు కొట్టుకున్నాయి. దుమ్ము అణగకముందే నావైపు తిరిగింది. దెబ్బ తగిలిందా అని అడగలేదు.

"హ్యాండ్ బ్రేకని నీకెట్ల ఎరుక?"

నేను దాచలేదు. కాళ్లు చూసిన సంగతి, లెక్కపెట్టిన సంగతి, మేనమామను అడిగిన సంగతి అన్నీ చెప్పేశాను. ఆమె డ్రైవరు వైపు తిరిగింది. ఆయన దిగి, బండి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"నీకు ఎరికె ఉండె గదా. ఎందుకు సెప్పలే?"

"సెప్పిన అమ్మా. సేటుకు మూడుసార్లు సెప్పిన. ఆయిల్ కారుతాంది, షెడ్డుల వెట్టాలె అని. నువ్వూ షెడ్డోడూ ఒకటే, నన్ను ముంచుతరు అన్నడు. మళ్ల ఆ మాటెత్తితే పనిలకెళ్లి తీసేస్త అన్నడు."

"నాకన్న సెప్పొద్దా?"

"అద్దంల సూస్తనే గుడ్డ గట్టిన్రు. ఇగ నోరు తెరిస్తే ఏం గడుతరో అనుకున్న."

అత్తమ్మ బండి దిగింది. ముందు తలుపులోంచి లోపలికి వంగి ఆ ఆకుపచ్చ గుడ్డ ముడి విప్పబోయింది. ముడి రాలేదు. పళ్లతో కొరికి తెంపింది. మేకలవాడు, దారిన పోయే ఇద్దరు రైతులు కలిసి బండిని గట్టు మీదికి నెట్టారు. మేం బస్సెక్కి సూర్యాపేట వెళ్లాం. డ్రైవరు మా మేనమామను పిలుచుకు రావడానికి కోదాడ వైపు నడిచాడు.

జరిగింది విన్నాక మామగారు డ్రైవరును తిట్టలేదు, క్షమాపణా అడగలేదు. మా మేనమామ చూపించిన అరిగిన రబ్బరు వాషర్లను కూడా వెంటనే నమ్మలేదు. అవి వేరే బండివి కావని ఏమిటి రుజువు అన్నారు. సూర్యాపేటలో ఇంకో మేస్త్రీకి చూపించారు. అతను కూడా అదే మాట అన్నాడు. అప్పుడు షెడ్డులో స్టూలు వేసుకుని, ఆ పని పూర్తయ్యేదాకా కదలకుండా చూశారు.

అత్తమ్మ నమ్మని తీరు వేరు. ఒక మధ్యాహ్నం మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు ఖాళీగా ఉంటే, కారు అక్కడ పెట్టించి, కొంగు నడుముకు దోపుకుని డ్రైవరు సీట్లో తానే ఎక్కి కూర్చుంది. యాభై దాటిన మనిషి.

"ఇగ సెప్పు. ఏది దేనికో ఒక్కొక్కటి సెప్పు. అబద్ధం సెప్తే నాకు ఎరుకైతది."

డ్రైవరు కిటికీ బయట నిలబడి చెప్పాడు. ఆమె ప్రతిదాన్నీ తొక్కి చూసింది, లాగి చూసింది. బ్రేకు తొక్కితే కాలికి గట్టిగా తగలాలని, మెత్తగా దిగిపోతే బండి కదపకూడదని ఆ రోజు ఆమెకు తెలిసింది. అప్పటినుంచి ఎక్కడికి బయల్దేరినా ముందు ఆమె వచ్చి బ్రేకు తొక్కేది. ఆయనకు అది అవమానంగా అనిపించింది.

"నా మీద నమ్మకం లేదా అమ్మా?" అని ఒకసారి అడిగాడు.

"లేదు. నీ మీద లేదు, సేటు మీద లేదు, గీ ఇనుము మీద అసలే లేదు. తొక్కితేనే నమ్ముత."

ఆయన నవ్వాడు. మా ఇంట్లో ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

నాకు నడపడం నేర్పమని అడిగింది కూడా ఆమే. నేను స్టీరింగు ముందు, డ్రైవరు నా పక్క సీట్లో, ఆమె వెనక సీట్లో కాపలా. మొదటిరోజు క్లచ్చి తొక్కకుండా బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది, అత్తమ్మ ముందుకు తూలింది. "సంపుతవా ఏందే!" అంది, కానీ దిగలేదు. పది రోజుల్లో గచ్చు చుట్టూ తిరగడం వచ్చింది. రోడ్డు మీదికి మాత్రం ఎవరూ పోనివ్వలేదు.

రెండేళ్లకు నడుము నొప్పి తగ్గిందని డ్రైవరు మళ్లీ లారీ పనికి వెళ్లిపోయాడు. మేళ్లచెరువు వైపు రాయి తోలుతున్నాడని విన్నాం. కొత్త డ్రైవరు కోసం వచ్చినవాళ్లను అత్తమ్మ ఒక్కటే ప్రశ్న అడిగేది: బ్రేకు పడకపోతే ఏం చేస్తవు? నడిగూడెం నుంచి వచ్చిన ఒకాయన, అట్లెందుకైతది అన్నాడు. ఇంకొకాయన, దేవుడున్నడు అన్నాడు. ఇద్దరినీ పంపించేసింది.

అలా కారు నాలుగు నెలలు మిల్లులోనే ఉండిపోయింది. బ్యాటరీ చచ్చిపోకుండా వారానికొకసారి నేనే గచ్చు మీద తిప్పేదాన్ని. మామగారు మిల్లులో లేని వేళ చూసి తిప్పేదాన్ని కాబట్టి అది ఆయనకు తెలియదు. ఒకరోజు ఇంజను చప్పుడు విని, బండి ఎవడో ఎత్తుకుపోతున్నాడనుకుని, కాటా దగ్గరి ఇనుపకడ్డీ పట్టుకుని ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఎవడ్రా బండి దీసింది?"

నేను ఆపాను. కోడలు స్టీరింగు దగ్గర, భార్య వెనక సీట్లో. ఆయన కడ్డీ దించారు. నాతో ఆయన నేరుగా మాట్లాడేవారు కాదు, ఆ ఇంటి పద్ధతి అది. అందుకని అత్తమ్మ వైపు చూసి, "పిల్ల బ్రేకు సూసుకుందా?" అని అడిగారు.

"నేనే తొక్కి సూసిన" అంది అత్తమ్మ.

ఆయన కదలలేదు. నేను ఇంకో చుట్టు తిప్పి, బండిని రేకుల షెడ్డు కింద పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగేదాకా ఆ ఎండలోనే నిలబడి చూశారు.