‘ఎవరు తోలేది?’ అని అడిగిన మేస్త్రి

మా బండి మేస్త్రి చనిపోయిన సంగతి నాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. చింతామణి టొమాటో మండీలో క్రేట్లు దించుతూ టెంపో డ్రైవరు చెప్పాడు. "బాగేపల్లి మేస్త్రి పోయినాడు కదమ్మా, నీకు తెలీదా? మధ్యాన్నం అన్నం తిని గోడకి ఆనుకున్నాడంట, మళ్ళీ లేయలేదు." ఎవరెవరికి కబురు పెట్టాలి అనుకున్నప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ నేను గుర్తొచ్చి ఉండను. వాళ్ళ తప్పేమీ లేదు. నేను చుట్టాన్ని కాను, ఇరుగుపొరుగూ కాను. అయినా ఆ రోజు మండీలో నా పేరు రెండుసార్లు పిలిచినా నాకు వినపడలేదు.

మాది గూళూరు దగ్గర, బోరు నీళ్ళ మీద బతికే చేను. తారు రోడ్డు దిగితే ఒక వంక, వంక దాటితే రాళ్ళ ఎత్తు. అందుకే మా ఆయన డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. ఆయన పోయాక, చిక్కబళ్ళాపురంలో ఉండే మా మరిదిది ఒకటే పాట. "బండి అమ్మేసి ఇక్కడికి వచ్చేయొదినా, ఒక్కదానివే ఆ చేన్లో ఏం చేస్తావు?" బండి ఆగిపోతే నా సేద్యం కూడా ఆగిపోతుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏడాదే జీపు ఎత్తెక్కనని మొండికేసింది. వెనకంతా నల్ల పొగ. హైవే పక్క గ్యారేజీలో బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి, "టర్బో, అదే ఇంజన్‌లోకి గాలి నెట్టేది, పోయిండాది. ఇంట్లో మగోళ్ళు ఎవరన్నా ఉంటే పంపీమ్మా, మాట్లాడదాం" అన్నారు. ఉంటే నేనెందుకు వస్తాను! ఒళ్ళు మండి అక్కణ్ణించి కదిలి, ఎవరో చెబితే బాగేపల్లిలో ఈ మేస్త్రి షెడ్డుకు పోయాను.

ఆయన బానెట్ ముట్టుకోలేదు. "ఎవరు తోలేది?" అన్నాడు.

"నేనే అప్పా."

"అయితే నువ్వే చెప్పల్లమ్మా. ఇట్ల నల్ల పొగ కక్కే బండి లోపల ఈలేస్తాది. అది ఎప్పుడు మొదలైతాది? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, కాగినంకనా? కాలు తీస్తే ఆగతాదా?"

నాకేమీ తెలియదు. ఏనాడూ వినలేదు.

"పో. అద్దాలెత్తుకోని, పాటలు ఆపేసి, రెండు దినాలు తోలి రా."

ఇంత దూరం వచ్చింది పొమ్మనిపించుకోవడానికా అని తిట్టుకుంటూ పోయాను. కానీ విన్నాను. మూడో రోజు వెళ్ళి చెప్పాను: ఎత్తులో యాక్సిలరేటర్ నొక్కితే ముందు ఈల, దాని వెంటే బుస్సుమని గాలి, కాలు తీస్తే రెండూ ఉండవు. ఆయన మొహం విప్పారింది. "నల్ల పొగంటే ఇంజన్‌కి గాలి చాల్లేదు. బుస్సంటే ఆ గాలి యాడో పారిపోతాండాది" అంటూ గాలి పోయే రబ్బరు పైపును మడత దగ్గర వంచి చూపించాడు. లోపల బ్లేడుతో కోసినట్టు చీలిక. ఒత్తిడి వస్తేనే అది నోరు తెరుస్తుంది. అంతటితో వదల్లేదు. టర్బో ముందరి పైపు విప్పి లోపలి ఇరుసును నా వేళ్ళతోనే పట్టించాడు. "పక్కకి ఇంచుక ఆడితే పర్వాలేదు. ముందుకీ ఎనక్కీ ఆడిందంటే దాని పని అయిపోయినట్టే." టర్బో నిక్షేపంలా ఉంది, రబ్బరు పైపు ఒక్కటి మారిస్తే చాలింది. జీపు మిగిలింది, నేనూ చేన్లోనే ఉండిపోయాను.

తన తప్పులు తానే చెప్పుకోవడం ఆయన అలవాటు. ఒకసారి సోమేనహళ్ళి రైతు బండికి కొత్త టర్బో వేశాడట. దానికి ఆయిల్ తెచ్చే సన్న పైపు మసి పట్టి పూడుకుపోయిందని చూడలేదు. వారం తిరక్కుండా కొత్తదీ పట్టేసింది. "రోగం పైపులో ఉంటే నేను మనిషిని మార్చినాను" అని నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, ఆ రైతు పంట కాలంలో పది రోజులు బండి లేకుండా తిరిగాడని చెప్పేటప్పుడు తల దించుకునేవాడు.

షెడ్డుకు పోగానే తాళం తిప్పి ఆపనిచ్చేవాడు కాదు. "ఎత్తులెక్కి వచ్చిండాది, ఒక నిమిషం తిరగనీ. పరిగెత్తొచ్చినోళ్ళని టక్కున కూర్చోబెట్టకూడదు." ఆ నిమిషంలో కిటికీ పట్టుకుని నిలబడి అడిగేవాడు. బోర్లో నీళ్ళు వస్తున్నాయా, ఏం వండుకున్నావు, మోకాలు ఎట్లుంది. చెబితే సిగ్గుచేటు గానీ, కొన్ని వారాల్లో మనుషులతో నేను మాట్లాడింది ఆ నిమిషమే. అందుకే బండి బాగున్నప్పుడు కూడా పోయేదాన్ని. "ఈల వినిపిస్తాండాదప్పా" అనేదాన్ని. ఆయన తల వంచి శ్రద్ధగా వినేవాడు. "ఉండాది, కొంచెం ఉండాది. వచ్చే వారం ఇంగోసారి చూద్దాం" అనేవాడు. లేదని ఆయనకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు.

ఈ మధ్య నిజంగానే ఈల వినపడింది. ఈసారి గొంతు మారి, అంబులెన్సు కూతలా. కానీ ఇన్నిసార్లు ఉత్తుత్తినే పోయిన దాన్ని, మళ్ళీ ఏ మొహంతో పోవాలని నాలుగు వారాలు ఆగిపోయాను. ఆ నాలుగు వారాలను నేను క్షమించుకోలేకపోతున్నాను.

కబురు తెలిసిన మర్నాడే ఎత్తు మీద నీలం పొగ కమ్మింది. ఆయిల్ సగానికి తగ్గింది. మరిది ఫోను చేసి "ఇంక చాలొదినా" అన్నాడు. నేను పైపు విప్పి వేలు పెట్టాను. ఇరుసు ముందుకీ వెనక్కీ ఆడింది. జీపును ట్రాక్టరుకు కట్టించి ఆ హైవే గ్యారేజీకే తీసుకెళ్ళాను.

"టర్బో పోయింది. ఆయిల్ పైపు కూడా మార్చకుండా కొత్తది పెట్టొద్దప్పా" అన్నాను.

అతను వేలు పెట్టి చూసి, "నిజమేనమ్మా. ఎవరు చెప్పినారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు, నేనే చూసినా."

బండి చేతికొచ్చిన రోజు నేరుగా షెడ్డుకు పోయాను. ఈ మాట చెప్పడానికి నాకు ఇంకో మనిషి లేడు. షట్టర్ దించి ఉంది. దాని ముందు గౌరిబిదనూరు నుంచి వచ్చిన ఒకాయన బానెట్ ఎత్తిపెట్టి కూర్చుని ఉన్నాడు. మేస్త్రి భోజనానికి పోయాడనుకుని మధ్యాహ్నం నుంచీ కాచుకుని ఉన్నాడట. నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆయన తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. తర్వాత నా మొహం చూసి, "నీకేం కావల్లమ్మా ఆయన?" అన్నాడు.

"ఏ వరసా కాదప్పా. బండి బాగున్నప్పుడు కూడా వచ్చేదాన్ని" అన్నాను. ఆయన లేచి, రెండు చేతులతో బానెట్ పట్టుకుని, చప్పుడు కాకుండా కిందికి దించాడు.