నాచారం గోడ మీద నా ముఖం

మనిషి తన ముఖానికి తానే ఎంత అన్యాయం చేసుకోగలడో తెలియాలంటే నా ఫైనలియర్ పరీక్ష సంగతి వినాలి. భోజనానికి ముందు మాత్రం చదవకండి.

ఉప్పల్ రోడ్డును మెట్రో పిల్లర్ల కోసం తవ్విపోస్తున్న రోజులవి. నేను బొమ్మల కాలేజీలో ఆఖరి సంవత్సరం. పరీక్షకు ఒకే ఒక్క పెద్ద చిత్రం వేయాలి. అందులో మన సొంత గొంతు వినపడాలి, లేకపోతే ఫెయిల్. మూడు నెలలు ప్లాన్లు వేశాను. నోటుపుస్తకం నిండా పొగగొట్టాలు, పిడికిళ్లు, తెగిన గొలుసులు. మా మేడం అన్నీ తిరగేసి ఒక్కటే అడిగింది: "ఇవన్నీ ఎవరెవరో వేసినవే. ఇందులో నువ్వెక్కడున్నావు?"

సరే, నేనే ఉంటాను అనుకున్నాను. తొమ్మిదడుగుల ఎత్తున నా ముఖం, నోరు తెరిచి అరుస్తూ! గోడకు చెవులుంటాయంటారు కదా, నేను నోరు పెడతానని బయల్దేరాను.

గోడ మా మల్లేశ్ మామది. నాచారంలో ఆయనకు ప్లాస్టిక్ బకెట్లు చేసే చిన్న షెడ్డు ఉంది. ప్రహరీ పక్కనే బస్‌స్టాపు. బస్సు దిగినవాడు దిగినట్టే వచ్చి ఆ గోడ దగ్గర నిలబడేవాడు. ఎందుకో చెప్పనక్కర్లేదు. 'ఇక్కడ పోయరాదు' అని మామ రాయిస్తే, అది చదువుకుంటూ పోసేవారు.

"గోడ నీదే తీస్కో అల్లుడా," అన్నాడు మామ. "గని దేవుళ్ల బొమ్మలెయ్యి. ఒక బాలాజీ, పక్కన మసీదు, ఒక సిలువ. ఇగ ఒక్కడు నిలవడడు."

"మామా, అది క్యాలెండర్ పని. నాది ఆర్ట్."

"ఆర్ట్ అంటే ఏందిరా?"

"నా ముఖం."

మామ నా ముఖాన్ని కాసేపు పరీక్షగా చూశాడు. "దీన్ని సూసి ఎవడు భయపడ్తడు?" అన్నాడు.

వారం రోజులు నిచ్చెన దిగకుండా వేశాను. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా వచ్చింది. మర్నాడు వెళ్లేసరికి బొమ్మ గడ్డం తడిసి ఉంది. ఒకాయన ఇంకా పని మీదే ఉన్నాడు.

"అన్నా! అది బొమ్మ అన్నా!"

"ఎవలో లీడర్ అనుకున్న తమ్మీ. నోరు తెరిసి ఉన్నడు గద," అన్నాడు తాపీగా. తర్వాత ఇటు తిరిగి, నన్ను చూసి, గోడను చూసి, "అరె, నువ్వేనా! ఏమనుకోకు," అని వెళ్లిపోయాడు.

మామ బతిమాలాడు. "పరీక్ష ఎల్లుండే గదరా. జర ఒక మూలకు చిన్న బాలాజీనన్న ఎయ్యి. గంతే."

నేను ససేమిరా అన్నాను. దేవుడొస్తే నా గొంతు పోతుందని నా బాధ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను మామ మీద గెలిచి రచ్చలో తడిశాను.

పరీక్ష రోజు పొద్దుటి నుంచీ కర్ర పట్టుకుని కాపలా కాశాను. బయటి ఊరి ఎగ్జామినర్‌ను మేడం వెంటబెట్టుకుని వస్తుంది. ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. పదకొండు దాటాక ఒక ఆటో వచ్చింది. అది ఆగకముందే ఒక పెద్దమనిషి దూకి, నన్ను దాటుకుని తిన్నగా గోడ దగ్గరికి పరిగెత్తాడు. సరిగ్గా నా గడ్డం కిందికి.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఓ పెద్దమనిషీ! సదువుకున్నోని లెక్కున్నవ్, సిగ్గు లేదా? బంద్ జెయ్!"

"అబ్బాయ్," అన్నాడాయన గోడ వైపే తిరిగి, "ఇప్పుడు ఆపడం నా చేతుల్లో లేదు. ఉప్పల్లో రెండు గంటలు ఇరుక్కుపోయాం."

"అయితే నా ముఖమే దొరికిందా?"

అప్పుడు అదే ఆటోలోంచి మా మేడం దిగింది. చేతిలో మార్కుల కాగితం. నన్నూ, నా కర్రనూ, ఆయన వీపునూ వరసగా చూసింది. నా నాలుగేళ్ల చదువు ఆ గోడవారనే పారిపోతోందని అర్థమైంది.

ఆయన రుమాలుతో చేతులు తుడుచుకుంటూ తిరిగాడు. "ఏదమ్మా ఈ అబ్బాయి బొమ్మ? చూద్దాం."

మేడం నేల చూపులు చూసింది. నేనే వేలెత్తి చూపించాను. ఆయన తలెత్తి, నోరు తెరుచుకుని అరుస్తున్న నన్ను చూశాడు. తర్వాత తల దించి, నోరు తెరుచుకుని నిలబడ్డ నన్ను చూశాడు.

"పోలిక బాగా కుదిరింది," అని గొణిగి, కాగితం లాక్కుని 'పాస్' అని రాసేశాడు.

"అప్పుడేనా సార్? కాస్త దగ్గరికెళ్లి చూస్తారా?" అంది మేడం, ఏమనాలో తోచక.

"వద్దమ్మా," అన్నాడాయన ఆటో ఎక్కుతూ, "నాకంటే దగ్గర నుంచి ఇంకెవరూ చూడలేరు."

కనుక కళామతల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో బస్‌స్టాపు పక్క గోడ మీద నా ముఖం వేయను. మరీ వేయక తప్పకపోతే, వీపు వేస్తాను.