ఉతికిన చొక్కా

పిల్లల్ని నిద్రపుచ్చడమంటే నాలుగుసార్లు జోకొట్టి ఒక పాట పాడటమే అనుకునే మహానుభావులు ఎవరైనా ఉంటే, ఆ బుధవారం మధ్యాహ్నం పెద్దమ్మ ముందుగదికి రావాల్సింది. వాళ్ల తిక్క కుదిరేది.

పెద్దమ్మ అన్నది పిల్లలు పిలిచే పిలుపు. పన్నెండేళ్లుగా ఆవిడ పై అంతస్తులోని తన రెండు గదుల్లో పసిపిల్లల్ని చూసుకుంటోంది. ఉద్యోగాలకెళ్లే తల్లిదండ్రులు పొద్దున దించి, సాయంత్రం తీసుకెళ్తారు. ఇప్పుడున్నది ఐదుగురు. నలుగురు బుద్ధిమంతులు. ఐదోవాడు హారన్.

వాడి నాన్న సిటీ బస్సు డ్రైవరు. తల్లి ట్రైనింగ్ కోసం వేరే ఊరెళ్లి రెండు నెలలైంది. వాడికి ఏడాదిన్నర, పిట్టంత ఉంటాడు. నోరు తెరిస్తే మాత్రం వీధిలో మనుషులు బస్సు వస్తోందేమోనని పక్కకు తప్పుకోవాలి. ఆ పేరు ఊరికే రాలేదు.

సోమ, మంగళవారాలు రెండూ వాడు మధ్యాహ్నం కన్ను మూయలేదు, ఎవరినీ మూయనివ్వలేదు. కింద వాటాలో ఉండే పెద్దమ్మ ఆడపడుచు ఆసుపత్రిలో నర్సు. నెలంతా రాత్రి డ్యూటీలే, పగలే నిద్ర. ఇల్లు కూడా ఆవిడదే. నిన్న సాయంత్రం మెట్లెక్కి వచ్చి, గడప బయటే నిలబడి మాట్లాడింది.

"వదినా, రెండు రోజులుగా నాకు కంటిమీద కునుకు లేదు. రాత్రి ఇంజెక్షన్ ఇస్తుంటే చెయ్యి వణికింది. రేపు కూడా ఇదే గోలైతే ఒకటో తారీకు నుంచి ఇక్కడ పిల్లలొద్దు. ఇంకెక్కడైనా చూసుకో."

ఎదురు చెప్పడానికి ఏముంది? అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఈ ఐదుగురినీ పెట్టుకోవడానికి కొత్త చోటు ఎక్కడ వెతుక్కుంటుంది? అలాగని బతిమాలుకుందామంటే నోరు రాలేదు. మూడేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా పొడిపొడి మాటలే.

ఒంటిగంటకల్లా పెద్దమ్మ కర్టెన్లు లాగింది, ఫ్యాను ఒక మెట్టు తగ్గించింది, గచ్చు మీద మెత్తటి బొంత పరిచింది. నలుగురూ వరసగా పడుకున్నారు. హారన్ మాత్రం ఉయ్యాలలో నిటారుగా కూర్చుని, యుద్ధానికి వచ్చిన వాడిలా చూశాడు.

"నా తండ్రివి కదూ, పడుకోరా."

"ఊహూ."

వీపు మీద చెయ్యి వేసి లోలోపల లెక్కపెడుతూ తట్టింది. అరవై దగ్గర వాడి తల వాలింది. హమ్మయ్య అనుకుని చెయ్యి తీసిందో లేదో, టక్కున లేచి కూర్చున్నాడు. కింది పెదవి ముందుకొచ్చింది. అది కనిపిస్తే చాలు, ఆవిడ గుండె గుభేలుమంటుంది.

ఎత్తుకుంది. గది ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై సార్లు తిరిగింది. నడుం పట్టేసింది. "ఏరా, నా మీద ఏ జన్మ పగ తీర్చుకుంటున్నావు?" అని వాడి చెవిలో గొణిగింది. వాడు కేరుమన్నాడు. బొంత మీద నలుగురిలో ఒకడు కదిలాడు. కింద తలుపు చప్పుడైంది.

పెద్దమ్మకు వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాలన్నంత కోపమూ వచ్చింది, ఆ కోపానికి భయమూ వేసింది. వాణ్ని ఉయ్యాలలో దించి, పక్కన మడతపెట్టి ఉన్న వాళ్ల నాన్న చొక్కా చేతికిచ్చింది. వాడు రోజూ దాన్ని పట్టుకునే పడుకుంటాడు.

హారన్ చొక్కాను రెండు చేతులా ముఖానికి అదుముకున్నాడు. ఒక్క క్షణం గదంతా నిశ్శబ్దం. తర్వాత దాన్ని విసిరికొట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. మొండితనం అనుకుంది అప్పుడు. ఈసారి ఎందుకో వంగి చొక్కా తీసి తను కూడా వాసన చూసింది.

సబ్బు. సబ్బు తప్ప ఏమీ లేదు.

ప్రతి శుక్రవారం పక్కబట్టలన్నీ ఉతికి ఆరేయడం ఆవిడ పద్ధతి. డ్రైవరు ఆ రోజు చొక్కా ఇంటికి తీసుకెళ్లి, రెండు రోజులు తొడుక్కుని, సోమవారం మళ్లీ తెచ్చి ఉయ్యాలలో పెట్టేవాడు. ఉతుక్కునే తీరిక కూడా లేదు పాపం అనుకునేది పెద్దమ్మ. పోయిన శుక్రవారం మర్చిపోయి వెళ్లాడు. దొరికిందే చాలని రెండుసార్లు నానబెట్టి, కాలరు బ్రష్షుతో రుద్ది, మల్లెపువ్వులా చేసి పెట్టింది. సోమవారం దాన్ని చూసి అతను ఏదో అనబోయి ఆగాడు. "మీకెందుకండీ శ్రమ" అని మాత్రం అన్నాడు. ఆ మర్యాద ఏట్లో కలవ, నోరు విప్పి చెప్పకూడదూ!

పెద్దమ్మ ఉయ్యాల పక్కనే కూలబడింది. మూడేళ్ల కిందట తన భర్త పోయినప్పుడు, వారం తిరక్కముందే ఆడపడుచు ఆయన బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో సర్దింది. పెద్దమ్మ తలుపు తీసి ఒక్కో చొక్కా ముఖానికి ఆనించుకుంది. అన్నీ సబ్బు. ఆ రోజు ఒక్క మాట అనలేదు, ఈనాటికీ క్షమించలేదు. ఇప్పుడు తను చేసిందీ అదే, అదీ మాటలు రాని పసివాడికి.

ఏడ్చే తీరిక లేదు. డ్రైవరుకు ఫోన్ చేద్దామంటే బండి నడుపుతుంటాడు. గది చుట్టూ చూసింది. మేకుకు వాడి సంచి వేలాడుతోంది. పొద్దున్నే ఒక ట్రిప్పు డ్రైవరు సీటు వెనకాలే తిరిగి, అతని భుజం మీద ఇక్కడికొచ్చే సంచి. నూనె మరకలు, వెడల్పాటి పట్టీ. సంచులు శుక్రవారం ఉతుకులోకి రావు, అదృష్టం. డబ్బా, సీసా, లాగులు బయట పడేసి ఖాళీ సంచి వాడి ఒళ్లో పెట్టింది.

హారన్ వెక్కుతూనే ముక్కు పట్టీలో దూర్చాడు. డీజిలు, చెమట. ఇంకోసారి పీల్చాడు. పట్టీని చెంప కింద పెట్టుకుని, బోర్లా పడుకుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. పెద్దమ్మ ముప్పై లెక్కపెట్టేలోపే నిద్రపోయాడు.

అప్పుడే ఆడపడుచు తలుపు తోసి గడప బయట నిలబడింది. ఎర్రబడ్డ కళ్లు, చెదిరిన జుట్టు.

"నిన్న ఏం చెప్పాను వదినా నీకు?"

"మెల్లగా." పెద్దమ్మ లేవలేదు. "తప్పు వాడిది కాదు. నాది. వాళ్ల నాన్న చొక్కా ఉతికేశాను. వాసన పోయింది. అందుకే మూడు రోజులుగా ఈ ఏడుపు."

ఆడపడుచు ఉయ్యాల వైపు చూసింది. సంచిలో ముఖం దాచుకున్న పిల్లాణ్ని చూసింది. కింద పడి ఉన్న తెల్లటి చొక్కాను చూసింది.

"ఎందుకుతికావు?"

"మాసిపోయిందని. మేలు చేస్తున్నాననుకున్నాను."

ఆడపడుచు మూడేళ్లలో మొదటిసారి గడప దాటి లోపలికొచ్చి, బొంత చివర చతికిలబడింది.

"నేనూ అంతే అనుకున్నాను వదినా" అంది గొంతు తగ్గించి. "అన్నయ్య చొక్కాలు చూసి నువ్వు కుమిలిపోతావని... ఒక రాత్రంతా కూర్చుని ఉతికాను."

పెద్దమ్మ కళ్లు తుడుచుకుని, చెయ్యి చాచి ఆడపడుచు మోకాలి మీద వేసింది.

కాసేపటికి ఆడపడుచు తెల్ల చొక్కా తీసి మడతపెట్టి పెద్దమ్మ ఒళ్లో ఉంచింది.

"సాయంత్రం వాళ్ల నాన్నకిచ్చెయ్. రేపు వేసుకుని బండి నడిపి, ఎల్లుండి తెమ్మను. ఉతకొద్దని చెప్పు."

అని, ఆ బొంత మీదే ఒక పక్కగా ఒరిగి కళ్లు మూసుకుంది. పెద్దమ్మ లేచి కర్టెన్ ఇంకాస్త లాగింది.