వంకర అంకెలు

మొయినాబాద్‌లో పాత మోటార్‌సైకిళ్లను మళ్లీ నిలబెట్టే మా తమ్ముడి కొడుకు షెడ్డులో మొన్న అడుగు పెట్టగానే, కిరోసిన్, తుప్పు కలిసిన వాసన నన్ను చేవెళ్లలో మా బాపు మెకానిక్ షాపు ముందుకు లాక్కుపోయింది. వాడు సురంగల్ నుంచి వచ్చిన ఒక ఫ్రేమ్‌ను గుడ్డతో తుడిచి, హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టిన ఛాసిస్ నంబరు మీద టార్చి వేశాడు.

"చూడత్తా, అంకెలు వంకరటింకరగున్నయ్ గద! గప్పట్ల కంపెనీల ఒక్కొక్క అంకె చేత్తోని కొట్టేటోళ్లు. ఈ మోడల్‌ల నంబరు మరీ సక్కగుంటెనే డౌటు పడాలె. ఇది పక్కా ఒరిజినల్. యాదయ్య అని, ఒక ముసలాయనది."

ఎవరేమన్నా ఎదురు చెప్పనిదే ఊరుకోని దాన్ని, ఆ మాటకు మాత్రం కూర్చోవడానికి స్టూలు వెతుక్కున్నాను.

యాదయ్య మామ మాకు చుట్టమేమీ కాదు. బతుకమ్మ రోజుల్లో సురంగల్ నుంచి ఆ బండి వెనక తంగేడు, గునుగు కట్టలు కట్టుకొని, ముందు సంచిలో సీతాఫలాలు వేసుకొని వచ్చేవాడు. పూలు అమ్మకిచ్చి, పాత బేరింగ్ గుండ్లతో గోలీలాడుతున్న మాకు పళ్లు పంచి, నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకొని మార్కెట్ దాకా తిప్పుకొచ్చేసరికి అమ్మ ఆయన కోసం రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు ఆకులో కట్టి ఉంచేది. బాపుకు చదువు సంతకం దాకానే. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. చేతిలో పని ఉన్నంతసేపూ బీడీ చెవి మీదే ఉండేది, వెలిగించేవాడు కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, బోరు వేయించడానికి మామ ఆ బండిని అమ్మకానికి పెట్టాడు. కొనడానికి ఒక పటేల్ వచ్చాడు. బాపు రంగు గీకి నంబరు బయటికి తీస్తుంటే పదిమంది మూగారు. బడిలో దస్తూరీకి మెప్పు పొందిన నేను వాళ్ల మధ్యలోకి దూరాను.

"గివేం అంకెలు? మా రెండో తరగతి పోరలు నయం! ఎవలో ఇంట్ల సుత్తెతోని కొట్టిండ్రు. గిది దొంగబండి!"

అందరూ నవ్వారు. "నీ బిడ్డ వకీలైతదిర," అన్నాడు పటేల్.

"అన్నా, నువ్వన్న చెప్పరాదే," అని మామ బాపు వైపు చూశాడు. బాపు పని సగంలో ఉండగానే చెవి మీది బీడీ తీసి వెలిగించాడు.

పటేల్ వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మామ 'దొంగబండి యాదయ్య' అయ్యాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. మరుసటి ఏడు అమ్మ తంగేడు పూలు బజారులో కొనుక్కుంది. నేనేమో కాలేజీలో, అత్తగారింట్లో, ఆఖరికి నా పిల్లలకూ ఆ ముచ్చట నా తెలివికి సాక్ష్యంగా చెప్పుకుంటూ వచ్చాను.

షెడ్డు నుంచి నేరుగా సురంగల్ వెళ్లాను. కిరాణా కొట్టామెను యాదయ్య ఇల్లెక్కడని అడిగితే, "ఏ యాదయ్య? దొంగబండోళ్ల యాదయ్యనా?" అంది. ఇల్లు దొరకాలి కనుక అవునన్నాను.

మామ వాకిట్లో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను.

"నువ్వు పసిదానివి బిడ్డా, నీకేమెరుక. మీ బాపుకు ఎరికే. పదిమందిల నిన్ను చిన్నబుచ్చుడు ఇష్టంలేక నన్ను దొంగను జేసిండు."

కోడలు ఇచ్చిన చాయ్ తలవంచుకొని తాగాను.

చేవెళ్లలో మా షాపు రోడ్డు వెడల్పులో పోయింది. సీతాఫలం చెట్లున్న గట్ల మీదుగా వెంచర్ల గోడలు లేచాయి. ఆనాడు నవ్విన పదిమందిలో నాకు తెలిసి ఒక్కరూ మిగల్లేదు. తిరిగొస్తూ కిరాణా కొట్టు దగ్గరే ఆగాను.

"అమ్మా, యాదయ్య మామ బండి దొంగది కాదు. చిన్నప్పుడు నేనే తప్పు జెప్పిన."

ఆమె తూకం ఆపి వింతగా చూసింది.

"ఏ బండక్కా? గది వాళ్ల ఇంటిపేరు గద!"