తీగ మీద తునకలు

నిన్న తార్నాకలోని మా ఫ్లాట్‌లో ఫోన్‌లో ఎవరి మీదో గట్టిగా అరిచాను. పక్కనే ఉన్న మా కుక్క చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుంటూ గోడవైపు తిరిగింది. ఆ మొహం నేను ఇదివరకే చూశాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న యూనివర్సిటీలో అటెండర్, మేం క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఒట్టితునకలు చేయడానికి అమ్మ మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి పెరట్లో తీగ మీద ఆరేసింది. రోజూ ఒకటో రెండో మాయమయ్యేవి. నా అనుమానమంతా మా టైగర్ మీదే. రెండు రోజులు తలుపు చాటు నుంచి దాని మీద నిఘా వేశాను. తీగ కింద పడుకోవడం తప్ప అది ఏమీ చేయలేదు. అదీ నాకు నాటకంలాగే కనిపించింది.

మూడో రోజు దాని మెడపట్టీ పట్టుకుని "నువ్వే కదా తిన్నది?" అని అరిచాను. టైగర్ మూతి నాక్కుంది, ఆవులించింది, మొహం పక్కకు తిప్పుకుంది.

"అమ్మా, సూడు! నా దిక్కు సూస్తలేదు. గిదే దొంగ!"

"తప్పు చేసినోళ్లే గట్ల మొహం తిప్పుకుంటరు," అంది అమ్మ.

సాయంత్రం నాన్న టైగర్‌ను ఆటో ఎక్కించి, అంబర్‌పేటలోని స్నేహితుడికి ఇచ్చి వచ్చాడు.

కుక్కలు అలా మొహం తిప్పుకునేది తప్పు చేసి కాదు, మన గొంతుకు భయపడి అని ఈమధ్యే కుక్కల డాక్టర్ చెప్పాడు. టైగర్ సంగతి మాత్రం నాకు దాన్ని పంపేసిన మర్నాడే తెలిసింది. పొద్దున తీగ మీద మళ్లీ రెండు తునకలు తగ్గాయి. అమ్మ పెరట్లోకి రాకముందే, మిగిలినవాటిని దగ్గరదగ్గరగా జరిపేశాను.